చెయ్యి లేస్తే గట్టిమేళం

"ముందు కొట్టింది నువ్వా, ముందు ఊదింది అదా? అదొక్కటి చెప్పు చాలు."

నిన్న సాయంత్రం బస్సు దిగినప్పటి నుంచి ఇమాం హుస్సేన్ ఇదే మాట అడుగుతున్నాడు. రాత్రి అన్నం ముందు కూర్చుని అడిగాడు. తెల్లవారి పళ్ళు తోముకుంటూ అడిగాడు. ఇప్పుడు వసారాలో మంచం మీద కూర్చుని తమ్ముడి ముఖంలోకి గుచ్చి గుచ్చి చూస్తూ మళ్ళీ అడుగుతున్నాడు.

అఫ్రోజ్ అరుగు మీద డోలు ఒళ్ళో పెట్టుకుని వార్లు బిగించుకుంటున్నాడు. తలెత్తలేదు.

"చెప్పాను కదన్నా. ఆ సారు చెయ్యెత్తాడు. కొట్టాను."

"చెయ్యెత్తితే కొట్టేస్తావా? అక్కడేమన్నా పెళ్ళి జరుగుతోందా ఒరేయ్? పంతులున్నాడా, పెళ్ళికూతురుందా? ప్రొఫెసర్లు బల్ల వేసుకుని కూర్చుంటే వాళ్ళ ముఖాన గట్టిమేళం కొడతావా?"

"పాతికేళ్ళ నుంచి చెయ్యి లేస్తే కొట్టడమే నాకు తెలుసు. అది ఎవరి చెయ్యో చూసి కొడదామంటే ఈలోగా తాళి కట్టేస్తారు."

జానీబీ గడప దగ్గర చాట ముందేసుకుని మిరపకాయల తొడిమలు తీస్తోంది. మరిది మాటకు నవ్వొచ్చింది. మొగుడి వంక చూసి ఆ నవ్వు మింగేసింది.

జరిగింది తలుచుకుంటే నవ్వాలో ఏడవాలో తెలియని సంగతే. యూనివర్సిటీలో సంగీతం బి.ఏ.కి పిల్లల్ని ఎంచుకునే పరీక్ష అది. ఇమాం హుస్సేన్ కూతురు సిద్దికా సన్నాయి, పక్కన అఫ్రోజ్ డోలు. పిల్ల కాంభోజి రాగం ఎత్తుకుంది. కాసేపటికి బల్ల అవతల కూర్చున్న పెద్ద ప్రొఫెసరు, ఇక చాలని చెయ్యి పైకెత్తాడు. అంతే. పెళ్ళిలో పంతులు చెయ్యెత్తగానే ఏ రాగంలో ఉన్నా, ఏ చరణంలో ఉన్నా వదిలేసి సన్నాయీ డోలూ ఒక్కసారిగా హోరెత్తించాలి. తాళి ముడి పడే వేళ ఎవరి తుమ్మూ, ఎవరి ఏడుపూ, ఎవరి చెడ్డమాటా పిల్ల చెవిన పడకూడదు. ఈ ఇంట్లో పుట్టిన వాళ్ళకు ఆ పని ఊపిరితో సమానం. పైకి లేచిన చెయ్యి కంటబడగానే బాబాయీ కూతురూ కలిసి ఆ గదిలో గట్టిమేళం అందుకున్నారు. కిటికీ అద్దాలు అదిరాయి.

బయట బంట్రోతు నవ్వు ఆపుకోలేక ఇమాం హుస్సేన్ దగ్గరకొచ్చి అన్న మాట ఇది: "పెద్దాయనా, లోపల పెళ్ళయిపోయింది. అక్షింతలు వేసి వెళ్దురు గాని."

ఆ మాట ఇమాం హుస్సేన్ ఇంకా మరిచిపోలేదు.

"నాకు తెలుసురా నీ ఎత్తు," అన్నాడు తమ్ముడితో. "అది యూనివర్సిటీకి పోతే మూడేళ్ళు హాస్టల్లో ఉంటుంది. సంగీత కళాశాలకి పోతే శని, ఆదివారాలు ఇంటికొచ్చి నీతో పెళ్ళిళ్ళకు వస్తుంది. అందుకని చెడగొట్టావు."

"పెళ్ళిళ్ళకు వస్తే బాగుంటుందన్నది నిజమే. నా బతుకు అదే, దాచేదేముంది? చెడగొట్టానన్నది మాత్రం అబద్ధం."

"కళాశాల మాస్టారు పిల్ల వాయిద్యం విని వారం కిందటే, వచ్చే సోమవారం నుంచి చేరమన్నాడు. అక్కడ సీటు ఉండనే ఉంది, ఇక్కడ తప్పినా ఏమీ కాదనుకున్నావు."

"అన్నా, నీ కూతురు సన్నాయి వాయిస్తుంది. సన్నాయి నేర్పే చోటికి పంపమన్నాను. అదీ తప్పేనా?"

"తప్పే!" ఇమాం హుస్సేన్ మంచం మీంచి లేచాడు. "సన్నాయి నేను నేర్పలేదా? దానికి మళ్ళీ ఆ మాస్టారు నేర్పేదేమిటి? పొద్దున్నే లేపి చీకటిపడేదాకా ఊదిస్తారు. చివర్లో డిప్లొమా ఇస్తారు. అది పట్టుకుని ఎక్కడికి పోతుంది? మళ్ళీ ఇదే పందిట్లోకి. నాలాగా. నీలాగా."

"మనకేం తక్కువైందిప్పుడు?"

"తక్కువ కాలేదా? పోయిన నెల చిలకలూరిపేట ఫంక్షన్ హాల్లో మనం చెప్పులు విప్పే చోట కూర్చుని వాయించామా లేదా? మనం వాయిస్తుండగానే డీజే వాడు పాట పెట్టాడా లేదా?"

అఫ్రోజ్ డోలు మీద వేలితో ఒక్క దెబ్బ వేసి శృతి చూసుకున్నాడు. ఆ దెబ్బ ఎంత చిన్నదైనా అన్న చెవికి వెక్కిరింతలాగే వినపడి ఉంటుంది.

"ఆపరా!"

లోపలి గదిలో తస్బీ పూసలు తిప్పుకుంటున్న తల్లి జైతున్‌బీ గొంతు లేచింది. ఆమెకు చూపు ఆనడం లేదు గానీ నోరు మాత్రం ఆగదు. "మీరు మీరు కొట్టుకుంటారెందుకురా? ఆడపిల్ల చేతికి సన్నాయి ఇవ్వద్దని నేను నెత్తీ నోరూ బాదుకున్నాను. ఇచ్చింది ఎవరు? ఆ గడపలో కూర్చున్న మహాతల్లి. దాన్ని అడగండి."

"నేనెప్పుడు ఇచ్చానత్తా?" అంది జానీబీ. "మీ అబ్బాయే నేర్పారు."

"కొడుకుని కని ఉంటే వాడికి నేర్పేవాడు."

జానీబీ చాట పక్కకు జరిపి లేచింది. ఈ మాటకు ఆమె జవాబు చెప్పడం మానేసి చాలాకాలమైంది. వంటింట్లోకి వెళ్ళింది.

సిద్దికా పొయ్యి పక్కన గోడకు ఆనుకుని మోకాళ్ళ మీద గడ్డం పెట్టుకుని కూర్చుని ఉంది. నిన్నటి జడే. దువ్వుకోలేదు.

జానీబీ పప్పు దించి పక్కన పెట్టింది. మూత పెట్టబోయింది. ఈ ఇంట్లో సాధన చేసే పూట పోపు వెయ్యరు. ఎండుమిరపకాయ ఘాటు గొంతులో పడితే గాలి నిలవదు. పెళ్ళయి వచ్చిన కొత్తలో ఈ సంగతి తెలియక పోపు వేసి, ఆ పూటంతా అత్త చేత తిట్లు తింది.

"పోపు పెట్టమ్మా," అంది సిద్దికా.

"ఊదవా ఇవాళ?"

"ఎవరి కోసం ఊదాలి? పెట్టు. మిరపకాయలు బాగా మాడనివ్వు."

"సాయంత్రం వినుకొండ పెళ్ళి ఉంది."

"నాన్న ఉన్నాడుగా."

జానీబీ పోపు పెట్టలేదు. కూతురి పక్కన కూలబడింది. బయట మగవాళ్ళ గొంతులు మళ్ళీ లేచాయి. ఆ గోలలో తన మాట బయటికి పోదనుకుని మెల్లగా అంది.

"నిన్న నేను తలుపు పక్కనే నిలబడ్డానే. నాకు ముందు వినపడింది డోలు కాదు."

సిద్దికా తల మోకాళ్ళలోకి దించుకుంది.

"నీ సన్నాయే ముందు తిరిగింది. మీ బాబాయి నీ వెనకాల అందుకున్నాడు. పాపం నిన్నటి నుంచి ఆ తిట్లన్నీ వాడు తింటున్నాడు."

"బాబాయిని తినమని నేను చెప్పానా?"

"తెలిసే వాయించావా?"

సిద్దికా వేలితో నేల మీద ఏదో గీస్తూ కూర్చుంది.

"పైకి వెళ్తున్నానమ్మా. పై షడ్జం పట్టబోతున్నాను. ఇంకో రెండు గుక్కల్లో పట్టేదాన్ని. ఆ సారు చెయ్యెత్తాడు. నా వంక చూడను కూడా చూడలేదు. పక్కనాయనతో ఏదో మాట్లాడుతున్నాడు, చెయ్యి మాత్రం నాకేసి ఎత్తాడు. మొదటి ఆవృతం, ఆ తొలి చుట్టు, తెలియకుండా వచ్చేసింది. ఒట్టు. చెయ్యి చూశాను, వేళ్ళు వెళ్ళిపోయాయి."

"తర్వాత?"

"తర్వాత తెలిసింది. ఆపొచ్చు. ఆపలేదు."

"ఎందుకు ఆపలేదే?"

"నవ్వారమ్మా. బల్ల దగ్గర అందరూ నవ్వారు. ఆ నవ్వు వినపడకూడదని ఇంకా గట్టిగా ఊదాను."

జానీబీ కూతురి తల మీద చెయ్యి వెయ్యబోయింది. పిల్ల తల పక్కకు తిప్పుకుంది.

"అక్కడ సన్నాయి గురించి చెబుతారు, సన్నాయి చెప్పరమ్మా. నేను అడిగాను. వారంలో ఒక్క గంట వాయించుకోవచ్చట. మిగతాదంతా చరిత్ర, శాస్త్రం, ఎవరు ఎప్పుడు ఏ రాగం గురించి ఏం రాశారో. చదవకూడదని కాదు. కానీ నాకు ఇంకా పల్లవి విస్తరించి వాయించడం పూర్తిగా రాదు. నాన్నకీ సగమే వచ్చు. మాస్టారికి వచ్చు."

"నాన్నకి సగమే వచ్చని బయట అనకు."

"నాన్నే చెప్పాడు నాకు. తాతయ్య మిగతా సగం చెప్పకుండానే పోయాడని."

వంటింటి గుమ్మంలో నీడ కదిలింది. జైతున్‌బీ గోడ పట్టుకుని నిలబడి ఉంది. నీళ్ళ కోసం వచ్చానన్నట్టు చెంబు చేతిలో ఉంది. ఎప్పుడొచ్చిందో, ఎంత విందో.

"నీళ్ళు కావాలా అత్తా?"

"అక్కర్లేదు," అంది ముసలామె. చెంబుతో అలాగే వెనక్కి తిరిగిపోయింది.

అప్పుడే వసారాలో ఫోను మోగింది.

డోలు పక్కన ముప్పై ఏళ్ళు కూర్చున్న చెవులు ఇమాం హుస్సేన్‌వి. స్పీకరు పెడితే గానీ ఫోన్లో మాట వినపడదు. కాబట్టి ఆయనకొచ్చిన ఏ ఫోనైనా ఇంటిల్లిపాదికీ వచ్చినట్టే. పేరు చూసి గబగబా ముఖం మీది చెమట తుడుచుకుని, మంచం మీంచి లేచి నిలబడి మాట్లాడాడు.

"నమస్కారం మేడం గారూ!"

"హుస్సేన్ గారూ, బాగున్నారా? లక్ష్మీదుర్గనండీ. మంచి కబురు. అమ్మాయికి సీటు ఇచ్చేశాం."

ఇమాం హుస్సేన్ తుండుగుడ్డ భుజం మీంచి జారి కింద పడింది. తీసుకోలేదు.

ఆ లక్ష్మీదుర్గ మేడం ఈ ఇంటికి కొత్త కాదు. చదువుకునే రోజుల్లో వేసవి సెలవులు వచ్చాయంటే ఇక్కడే ఉండేది. ఇమాం హుస్సేన్ చేత వాయించుకుని రికార్డు చేసుకునేది. ఎప్పుడు ఏ రాగం, ఎందుకు, ఎవరు చెప్పారని తవ్వి తవ్వి అడిగేది. జానీబీ చేతి పచ్చిపులుసు ఇష్టంగా తినేది. ఆ రాసుకున్నదంతా పుస్తకమై, ఆమె డాక్టరైంది. ఇప్పుడు అదే యూనివర్సిటీలో పెద్ద మేడం.

"నిన్నటి తప్పుకి క్షమించాలమ్మా," అంటున్నాడు ఇమాం హుస్సేన్. "పిల్ల చిన్నది. మా తమ్ముడు మొరటువాడు."

"తప్పేమిటండీ! మా వాళ్ళంతా నిన్నటి నుంచి ఆ మాటే. సారు చెయ్యెత్తడమేంటి, వీళ్ళు అందుకోవడమేంటి! ఇలాంటి ఉదాహరణ కోసం నేను ఎన్నేళ్ళుగా వెతుకుతున్నానో మీకు తెలియదు. మనిషి ఆలోచించకముందే ఒళ్ళు వాయించేస్తుంది, చూశారా? దీని మీద ఒక పేపర్ రాస్తున్నాను. వచ్చే నెల సెమినార్‌కి మీరు ముగ్గురూ రావాలి. సారు అలాగే చెయ్యెత్తుతారు. మీరు అచ్చం అలాగే వాయించాలి."

అఫ్రోజ్ డోలు పక్కన పెట్టేశాడు.

"అలాగేనండి," అన్నాడు ఇమాం హుస్సేన్.

"ఒరిజినల్ సర్టిఫికెట్లు మాత్రం ఇవాళ సాయంత్రం ఆఫీసు మూసేలోపు అందాలండీ. ఇవాళ్టితో అడ్మిషన్లు అయిపోతాయి. అమ్మాయి రాలేకపోయినా పర్లేదు, మీరు తెచ్చివ్వండి. నేను ఉంటాను, చూసుకుంటాను."

"తెస్తానమ్మా. ఇప్పుడే బయలుదేరతాను."

ఫోను పెట్టేశాక కూడా ఆయన కాసేపు నిలబడే ఉన్నాడు. ముఖం వెలిగిపోతోంది. సిద్దికా వంటింట్లోంచి వచ్చి ఎదురుగా నిలబడింది.

"విన్నావా?" అన్నాడు.

"విన్నాను. నువ్వు విన్నావా నాన్నా?"

"సీటు ఇచ్చారు!"

"ఎందుకిచ్చారో విన్నావా? బాగా వాయించానని ఇచ్చారా? చెయ్యి చూసి కోతి గంతేసినట్టు గంతేశానని ఇచ్చారు. నెల రోజులాగి మళ్ళీ గంతెయ్యమంటున్నారు. నిన్ను కూడా రమ్మంటున్నారు. నువ్వు అలాగేనండి అన్నావు."

"నోరు ముయ్యి."

"సర్టిఫికెట్లు ఒక్కటే సెట్టు. ఇవాళ అక్కడ ఇచ్చేస్తే సోమవారం మాస్టారి దగ్గరికి ఏం పట్టుకెళ్ళాలి?"

"మాస్టారి దగ్గరికి వెళ్ళేది లేదు."

"నేను వెళ్తాను."

ఇమాం హుస్సేన్ చెయ్యి లేవబోయింది. అఫ్రోజ్ అరుగు మీంచి లేచాడు. లేచిన చెయ్యి కిందికి దిగి మంచం పట్టెను పట్టుకుంది.

"కూర్చో," అన్నాడు కూతురితో. సిద్దికా కూర్చోలేదు. ఆయనే కూర్చున్నాడు. ఇందాకటి అరుపు లేదు ఆ గొంతులో.

"ఆవిడ డాక్టరైన ఏడు నన్ను ఒక సెమినార్‌కి పిలిచింది. మీ అమ్మకి కూడా చెప్పలేదు ఇది. స్టేజీ మీద వాయించాను. శాలువా కప్పారు. దిగి ముందు వరసలో కుర్చీలో కూర్చోబోయాను. ఒక కుర్రాడొచ్చి, ఆర్టిస్టులకి భోజనాలు వెనకాల అన్నాడు. వెళ్ళాను. లోపల మైకులో ఆవిడ నా గురించే చెబుతోంది. నా పేరు వినపడుతోంది. చప్పట్లు వినపడుతున్నాయి. నేను వెనకాల వంటవాళ్ళ పక్కన నిలబడి పులిహోర తింటున్నాను." ఆగాడు. "ఆ మైకు దగ్గర నువ్వు నిలబడాలి. అంతే నేను కోరేది."

జానీబీ మొగుడి వంక చూసింది. ఆ శాలువా ఆమె పెట్టెలోనే ఉంది. ఎప్పుడూ కప్పుకోడెందుకో ఆమెకు ఇప్పుడు తెలిసింది.

సిద్దికా కళ్ళు చెమ్మగిల్లాయి. ఇక మెత్తబడుతుందనుకుంది జానీబీ. మెత్తబడలేదు.

"నిలబడి ఎవరి గురించి మాట్లాడాలి నాన్నా? నీ గురించేగా? నేను మైకులో చెబుతుంటే అప్పుడు కూడా నువ్వు వెనకాలే తింటుంటావు."

హైవే మీద పత్తి మిల్లు లారీ హారన్ కొట్టుకుంటూ పోయింది.

"ఎంత పొగరురా దీనికి!" జైతున్‌బీ గుమ్మంలోకి వచ్చింది. "నువ్వు ఇంకా బతిమాలుతున్నావా దీన్ని? అడుగు, నిన్న ఏం చేసిందో అడుగు. తెలియక వాయించలేదు ఇది. తెలిసే వాయించింది. వంటింట్లో తల్లికి చెబుతుంటే నా చెవులారా విన్నాను. నీ తమ్ముణ్ణి ఊరికే ఆడిపోసుకుంటున్నావు."

"అత్తా!" అంది జానీబీ.

"ఏం అత్తా? మీ తల్లీకూతుళ్ళ గూడుపుఠాణీ నేను దాచిపెట్టాలా?"

ఇమాం హుస్సేన్ తల మెల్లగా తిరిగింది. జానీబీ కళ్ళు మూసుకుంది. ఇంటి కప్పు లేచిపోయేలా అరుస్తాడనుకుంది. అరవలేదు.

"ఎక్కడి నుంచి?" అన్నాడు.

అది తండ్రి అడిగినట్టు లేదు. గురువు అడిగినట్టుంది. సిద్దికా కూడా శిష్యురాలిలాగే జవాబు చెప్పింది.

"రెండో ఆవృతం నుంచి."

"అనుకున్నాను. మెట్లెక్కుతూ విన్నాను. మొదటిది తడబడింది. గాలి చాల్లేదు. రెండో దాని నుంచి..." అక్కడ ఆగిపోయాడు. నోటిదాకా వచ్చిన మాట పళ్ళ వెనకే ఉండిపోయింది.

"రెండో దాని నుంచి ఏంటి నాన్నా?"

"ఏం లేదు."

"చెప్పు."

"ఏం లేదన్నాను. ఇవాళ వినుకొండ నువ్వు రానక్కర్లేదు. ఇవాళే కాదు, ఇంకెప్పుడూ రానక్కర్లేదు. నా మేళంలో నీకు చోటు లేదు. నా ముఖం మీద గట్టిమేళం వాయించిన దాన్ని పక్కన కూర్చోబెట్టుకుని వాయించే ఖర్మ నాకు పట్టలేదు."

వాకిట్లో వ్యాను వచ్చి ఆగింది. పెళ్ళివారు పంపిన వ్యాను. ముహూర్తం రాత్రికే గానీ సాయంత్రం ఎదురుకోలుకే మేళం ఉండాలన్నారు. శ్రావణం కదా, వినుకొండ దారంతా పెళ్ళి బళ్ళే ఉంటాయి, ముందే బయలుదేరమని డ్రైవరు పొద్దున్నే ఫోను చేశాడు.

"అఫ్రోజ్, రెండో సన్నాయికి ఎవరున్నారో చూడు," అన్నాడు ఇమాం హుస్సేన్. "నేను సర్టిఫికెట్లు ఇచ్చేసి, ముహూర్తం వేళకి నేరుగా అక్కడికొస్తాను."

అఫ్రోజ్ కదల్లేదు.

"నీకే చెప్పేది."

"కుదరదన్నా."

"ఏం కుదరదు? ఒక్క ఫోను చేస్తే పదిమంది వస్తారు."

"వస్తారు. కానీ పెళ్ళివాళ్ళు ఒప్పుకోరు." అఫ్రోజ్ వదిన వంక చూశాడు. వద్దని కళ్ళతోనే అంది జానీబీ. నిన్నటి నుంచి తిన్న తిట్లన్నీ ఆ మనిషి గొంతులో ఉన్నాయి. ఆగలేకపోయాడు. "వాళ్ళు అడిగింది అమ్మాయిని అన్నా."

"ఏమన్నావు?"

"అమ్మాయి వాయిస్తేనే రమ్మన్నారు. వీళ్ళే కాదు. మాఘం నుంచి నాకు వచ్చే ఫోన్లన్నీ అంతే. ఎవరో వీడియో తీసి ఫోన్లలో పెట్టారట. అమ్మాయి వస్తుందా అంటారు. వస్తుందంటేనే ఖాయం చేస్తారు. పెద్దాయన రాకపోయినా ఏం కాదన్న వాళ్ళూ ఉన్నారు."

ఇమాం హుస్సేన్ తమ్ముడిని చూడలేదు, కూతురిని చూడలేదు. నేరుగా పెళ్ళాం వైపు తిరిగాడు.

"నీకు తెలుసా?"

ఆ ఫోన్లలో కొన్ని ఆమే ఎత్తింది. పెద్దాయన అక్కర్లేదని ఒంగోలు వాళ్ళు ఒకసారి మొహమాటం లేకుండా అన్న మాట ఇంకా చెవిలోనే ఉంది. ఆ సంగతి మొగుడికి చెప్పే ధైర్యం లేక, చెప్పకపోవడమే ఆయనకు మర్యాద అనుకుని ఇన్నాళ్ళు నెట్టుకొచ్చింది.

"తెలుసు," అంది.

"నీకూ తెలుసా?" సిద్దికాను అడిగాడు.

పిల్ల ముఖం పాలిపోయింది. "లేదు నాన్నా. ఒట్టు. నాకు తెలియదు."

అది నిజమని జానీబీకి తెలుసు. ఆయన నమ్మినట్టు లేదు.

లోపలికి వెళ్ళాడు. బీరువా తలుపు చప్పుడైంది. సర్టిఫికెట్లు పెట్టిన నల్ల సంచి చంకలో పెట్టుకుని బయటికొచ్చాడు. సన్నాయి పెట్టె తీసుకోలేదు.

"అన్నా, పెట్టె?" అన్నాడు అఫ్రోజ్.

"ఎందుకు? అడిగింది నన్ను కాదుగా."

"ముహూర్తం వదిలేస్తావా? నాన్న పోయిన రోజు కూడా వదల్లేదు నువ్వు."

"నేను రాకపోయినా ఏం కాదన్నారుగా."

"నాన్నా, ఆ సంచి పెట్టెయ్," అంది సిద్దికా. "మేళానికి నువ్వే వెళ్ళు. నేను రాను. ఆ సంచి మాత్రం పెట్టెయ్."

"నువ్వు నాకు మేళం దానం చేస్తావా?"

ఆ మాటతో పిల్ల రెండడుగులు వెనక్కి వేసింది. కొట్టినా అంత దూరం పోయేది కాదు.

ఆయన వాకిట్లోకి దిగి బండి దగ్గరికి వెళ్ళాడు. తాళం పెట్టే చోట వేలితో తడిమాడు. తాళం లేదు. ముందే అక్కడికి చేరిన జానీబీ పిడికిట్లో ఉంది అది. ఎలా దిగిందో, ఎప్పుడు లాగిందో ఆమెకే తెలియదు. మిరపకాయల చేత్తో గట్టిగా పట్టుకుందేమో, అరచెయ్యి భగభగ మండుతోంది.

"ఇవ్వు."

"పెళ్ళికి రండి. ముహూర్తం అయ్యాక ఇస్తాను."

"ఇవాళ్టితో అడ్మిషన్లు అయిపోతాయి. వినలేదా?"

"విన్నాను. అందుకే ఇవ్వను."

ఇమాం హుస్సేన్ ఆమె వంక కొత్త మనిషిని చూసినట్టు చూశాడు. "అంటే నువ్వూ వాళ్ళ వైపేనా?"

పిల్ల కళాశాలకి పోవాలని జానీబీ ఎప్పుడూ అనలేదు. యూనివర్సిటీ వద్దనీ అనలేదు. రెండు గొంతుల మధ్య శృతి పెట్టె పట్టుకుని కూర్చునే పని ఆమెది. పెళ్ళిళ్ళలోనూ అంతే, ఇంట్లోనూ అంతే. ఇప్పుడు కూడా ఏ వైపో చెప్పమంటే చెప్పలేదు.

"దాన్ని అడగకుండా మాత్రం తీసుకెళ్ళొద్దు," అంది. "అంతే."

"దాన్ని అడగాలా నేను? నా పిల్లని నేను అడగాలా?"

"ఇంటికొచ్చే ఫోన్లన్నీ దాన్ని అడుగుతుంటే, మీరొక్కరు అడిగితే ఏం పోయింది?"

అనకూడని మాట. అనేసింది. అత్త లోపల్నించి శాపనార్థాలు మొదలుపెట్టింది. ఆయన మాత్రం చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

డ్రైవరు మళ్ళీ హారన్ కొట్టాడు. "బాబూ, వస్తున్నారా? అక్కడ పెళ్ళివాళ్ళు ఫోన్ల మీద ఫోన్లు!"

అఫ్రోజ్ డోలు భుజానికెత్తుకుని, అన్న వంక చూడకుండా వెళ్ళి వెనక సీట్లో కూర్చున్నాడు. జానీబీ శృతి పెట్టె తెచ్చుకుంది. సిద్దికా వాకిట్లో నిలబడి తండ్రినే చూస్తోంది. ఆయన బండి సీటు మీద సంచి పెట్టి, ఏదో వెతుక్కుంటున్నట్టు తల వంచుకుని ఉన్నాడు.

"ఎక్కవే," అంది జానీబీ. "ఎవరో పిల్ల మెడలో తాళి పడే వేళ. మన గొడవకి వాళ్ళేం చేశారు?"

సిద్దికా లోపలికి పోయి తన సన్నాయి తెచ్చుకుంది. వెనక సీట్లో చోటు లేదు. ముందు, డ్రైవరు పక్కన, ఎప్పుడూ నాన్న కూర్చునే సీటొక్కటే ఖాళీ. తలుపు పట్టుకుని కాసేపు తటపటాయించింది. తర్వాత ఎక్కింది.

వ్యాను వీధి మలుపు తిరిగింది. జానీబీ అద్దంలోంచి వెనక్కి చూసింది. బండి దగ్గర ఆయన లేడు. నల్ల సంచి చంకలో పెట్టుకుని, చెప్పుల్లేని కాళ్ళతో, యూనివర్సిటీకి పోయే గుంటూరు బస్సులు ఆగే హైవే వైపు గబగబా నడుస్తున్నాడు. వినుకొండకి వాళ్ళు పోయేది ఎడమకి. ఆయన కుడికి తిరిగాడు.

డ్రైవరు కూడా చూశాడు. బ్రేకు మీద కాలు పెట్టాడు.

"పెద్దాయన అటు పోతున్నారేంటమ్మా? ఆపమంటారా?"

జానీబీ పిడికిలి విప్పి బండి తాళం చూసుకుంది, మళ్ళీ మూసుకుంది. ఆపమని చెప్పాల్సింది తను కాదు. ముందు సీట్లోని తల వంక చూసింది.

సిద్దికా ఒళ్ళోని గుడ్డ విప్పింది. సన్నాయి కొసన ఉండే రెల్లు పీక ఊడదీసింది. ఊదే ముందు దాన్ని నోట్లో పెట్టుకుని నానబెట్టుకోవాలి, అది నిజమే. కానీ వినుకొండ ఇంకా గంటకు పైగా దూరముంది. ఇప్పటి నుంచే నానబెట్టే అవసరం ఏ సన్నాయికీ లేదు.

ఆ పిల్ల పీకను పెదాల మధ్య పెట్టుకుని నోరు మూసుకుంది. కళ్ళు రోడ్డు మీదే ఉన్నాయి.

"అమ్మా, మిమ్మల్నే," అన్నాడు డ్రైవరు పక్క సీటు వైపు తిరిగి. "ఆపనా, పోనివ్వనా?"